ఎనిమిదో ప్లగ్గు

“ఎనిమిదోది చేత్తో తిప్పేవా, పానాతోనా?”

“చేత్తోనేనండి.”

మా ఆయనకూ నాకూ మధ్య జరిగిన ఆఖరి మాటలు ఇవి. అడిగింది ఆయన, చెప్పింది నేను. నేను చెప్పింది అబద్ధం. ఆయన తల ఊపి, చేతులు కడుక్కోవడానికి నూతి దగ్గరకు వెళ్ళారు. బట్టలుతికే రాయి మీద కూర్చున్నారు. మళ్ళీ లేవలేదు.

అబద్ధం వల్ల ఆయన పోలేదు. గుండె ఆగిపోయిందని కొత్తపేట నుంచి వచ్చిన డాక్టరుగారు చెప్పారు. కానీ ఆ అబద్ధం వల్ల ఆయన పేరు పోయింది. తాగి బిగించాడని మాట పడింది. పడ్డ మాట పడ్డట్టే ఉండిపోయింది. అది ఆయన చేసిన పని కాదని చెప్పడానికే ఇది రాయిస్తున్నాను.

నాకు సంతకం పెట్టడం వచ్చు, బస్సు బోర్డు మీద మా ఊరి అక్షరాలు పోల్చుకోవడం వచ్చు. అంతకుమించి చదువు లేదు. రాస్తున్నది మా ఆడపడుచు కూతురు, మా ఆయనకు మేనకోడలు. నా గొంతు బొంగురు, సగం మాటలు లోపలే ఉండిపోతాయి. వినపడకపోతే మళ్ళీ అడగమని చెప్పాను. రెండుసార్లు అడిగింది ఇప్పటికే.

మా ఆయన కొత్తపేటకు మూడు మైళ్ళ దూరంలో ఒక పెద్ద రైతుగారింట్లో డ్రైవరు. ఆ రైతుగారిని మేం కామందుగారు అనేవాళ్ళం. వాళ్ళ నాన్నగారు ఎప్పుడో ఏదో సంస్థానం వాళ్ళ దగ్గర కొన్న విదేశీ కారు ఒకటి వాళ్ళింట్లో ఉండేది. నల్లది. ఇంజను మీద మూత, అదే బానెట్టు, మేముండే గది అంత పొడుగు. లోపల సీట్లకు తోలు, తలుపులకు నున్నటి చెక్క, వెనక కూర్చున్నవాళ్ళు కాళ్ళు ఆన్చుకోవడానికి చిన్న పీటలు. కాలవగట్టు మీద అది ఎదురొస్తుంటే ఎడ్లబళ్ళు కొబ్బరితోటలోకి దిగి నిలబడేవి. రోజూ తిరగడానికి కామందుగారికి వేరే చిన్న కారుంది. పెద్దకారు పెళ్ళిళ్ళకు, పెద్ద అధికారులు వచ్చినప్పుడు, కోడళ్ళను పురిటికి తీసుకెళ్ళడానికి. చిన్నపిల్లగా ఉన్నప్పుడు వాళ్ళ రెండో అమ్మాయి ఏడ్చి మరీ దాంట్లోనే బడికి వెళ్ళేది. పదేళ్ళపాటు మా ఆయనే దించి తీసుకొచ్చారు.

కారుషెడ్డుకు ఆనుకునే మా గది. షెడ్డుకూ గదికీ మధ్య ఒక తలుపు.

మామూలు కారుకు ప్లగ్గులు నాలుగుంటే దానికి ఎనిమిది, ఒకటే వరసలో. ప్లగ్గు ఎరగనివాళ్ళకు చెబుతున్నాను. బొటనవేలంత తెల్లటి పింగాణీ. కింద ఇనప మెడ, మెడ చుట్టూ మర, అదే తిప్పితే లోపలికి దిగే చుట్లు. మెడ చివర రెండు ఇనప కొసలు, వాటి మధ్య కాస్త సందు. ఆ సందులో నిప్పురవ్వ పడితే పెట్రోలు అంటుకుంటుంది, బండి కదులుతుంది. సందు ఎక్కువైనా తక్కువైనా బండి దగ్గుతుంది. పాతబడితే మార్చాలి.

మా ఆయనకు నలభై దాటాక దగ్గరవి కనపడటం మానేశాయి. దూరపు చూపు బాగానే ఉండేది. గట్టు మీద మలుపులో ఎవరొస్తున్నదీ నాకంటే ముందు చెప్పేవారు. అరచేతిలో ప్లగ్గు పెట్టుకుంటే మాత్రం సందు కనపడేది కాదు. మొదటిసారి ఆ సంగతి నాకు తెలిసింది షెడ్డులోనే. ప్లగ్గును ఎండకేసి పట్టుకుని చాలాసేపు చూసి నన్ను పిలిచారు.

“ఇందులోంచి వెలుతురు కనపడతాందేంటే?”

“ఆయ్, కనపడతాందండి.”

“ఎంత?”

“ఎంతంటే ఏం చెప్పనండి, సూది బెజ్జవంత.”

“ఏ సూది? రవికలు కుట్టేదా?”

“కాదండి, బస్తాలు కుట్టే దబ్బనం.”

“అయితే ఎక్కువైపోయింది. ఆ సుత్తి ఇలా ఇచ్చి, నువ్వు చూస్తా ఉండు. రవికల సూదంత అవ్వగానే ఆపమను.”

అలా మొదలైంది. కళ్ళజోడు పెట్టించుకోమన్నాను.

“జోడెట్టుకున్న డ్రైవర్ని ఎవరుంచుకుంటారే? అవతలూళ్ళో వాడినేం చేసేరో చూళ్ళేదా? కళ్ళు పోయినాయని కొబ్బరి దింపుల దగ్గర కూలికేసేరు. వాడిప్పటికీ అక్కడే, కాయ పడ్డప్పుడల్లా హారన్ కొట్టినట్టు ఉలిక్కిపడతాడంట.”

నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన కళ్ళ సంగతి మా ఇద్దరి మధ్యే ఉండిపోయింది. ప్లగ్గుల పని ఉన్నరోజు షెడ్డు తలుపులు దగ్గరగా వేసేవారు. ఎవరైనా వస్తే, “లోపల పెట్రోలు ఆవిరి పట్టేసుందండి, బీడీ కాల్చేవోళ్ళు రాకండి” అని బయటినుంచే పంపేసేవారు. బీడీ కాల్చనివాళ్ళు కూడా వెళ్ళిపోయేవారు.

నాకు పని వచ్చేసింది. సన్నటి ఇనప రేకుల గుత్తి ఒకటి ఉండేది, సందు కొలవడానికి. మూడో రేకు సందులోంచి లాగితే, దువ్వెన చిన్న చిక్కున్న జుట్టులోంచి వచ్చినట్టు, కాస్త పట్టి వదలాలి. ఊరికే జారిపోతే సందు ఎక్కువ. దిగకపోతే తక్కువ. పాత ప్లగ్గులు విప్పాక రంగు నేను చెప్పాలి, మందు ఆయన చెప్పాలి.

“మూడోది?”

“వేయించిన కాఫీగింజ రంగండి.”

“బాగుంది. ఏడోది?”

“మసండి. తడిమసి. చెయ్యంటుకుంటాంది.”

“ఆ చివర రెండూ నూనె తాగుతున్నాయే. వాటికి వేడి ప్లగ్గులెయ్యాలి. చల్లవి పనికి రావు.”

పింగాణీ లోపలికి ఎంత పొడుగుంటే ప్లగ్గు అంత వేడి పట్టి ఉంటుంది, పడ్డ నూనెను కాల్చేసుకుంటుంది. ఇది ఆయన చెప్పిందే. నంబర్లు నాకు చదవడం రాదు, ఆయనకు కనపడదు. అందుకని కొట్లో కూడా నేనే చూసి ఎంచాల్సి వచ్చేది.

పోయేముందు వారం కూడా ఇద్దరం రాజమండ్రి వెళ్ళాం. కామందుగారి రెండో అమ్మాయికి పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకు వాళ్ళది కాట్రేనికోన వైపు. విడిదింటి నుంచి పెళ్ళికొడుకును పెద్దకారులోనే తేవాలని కామందుగారి పట్టుదల. ఏడాదిపైగా ఆ కారు షెడ్డులోంచి కదల్లేదు. ప్లగ్గులన్నీ మార్చాలన్నారు మా ఆయన. నేను పాత ప్లగ్గొకటి కొంగున ముడేసుకుని బస్సెక్కాను.

కొట్టాయన మమ్మల్ని చూడగానే నవ్వాడు.

“ఆ కారుకి ప్లగ్గులడిగేది జిల్లా మొత్తానికి మీరొక్కరేనండి. ఆ రకం రావడం మానేసి ఎన్నాళ్ళయిందో. మర ఒకటే, లారీవి ఉన్నాయి, చూసుకోండి.”

నాలుగు రకాలు బల్ల మీద పెట్టాడు. మా ఆయన ఒకటి తీసి, అటూ ఇటూ తిప్పి, నా చేతిలో పెట్టారు. నేను కొంగుముడి విప్పి పాతదాన్ని పక్కన నిలబెట్టాను.

“రంగూ అదీ బాగానే ఉందండి. మెడ పొడుగు.”

“ఏమ్మా, పెళ్ళికొడుకుని ఎంచుతున్నారా, పొడుగూ పొట్టీ అంటన్నారు?” అన్నాడు కొట్టాయన.

“మా ఆవిడ ఎంచకపోతే ఇంట్లో నాకు అన్నం పుట్టదండి” అన్నారు మా ఆయన. “ఎంత పొడుగే?”

“వడ్లగింజంతండి.”

వడ్లగింజంత పొడుగైనా ప్రమాదమే. మెడ లోపలికి ఎక్కువ దిగితే, కిందనుంచి లేచే ఇనప దిమ్మకు తగులుతుంది. ఆయన కాసేపు ఆలోచించి, ప్లగ్గుకు ఒకటి వెయ్యాల్సిన రాగి వాసరు, అదే ఉంగరం లాంటి బిళ్ళ, రెండేసి వేస్తే మెడ పైకి లేస్తుందన్నారు. వాసర్లు విడిగా అడిగారు. కొట్టాయన నవ్వు ఆపి, “ఇది మాకు తోచలేదండీ బాబూ” అన్నాడు. వచ్చేటప్పుడు రావులపాలెం వంతెన మీద బస్సు కిటికీలోంచి ఆయన చెయ్యి బయటపెట్టి కూర్చున్నారు. నేను ప్లగ్గుల సంచీ ఒళ్ళో పెట్టుకున్నాను. ఆ రోజు గురించి ఇంకేమీ గుర్తు లేదు.

ఇప్పుడు బిగించడం గురించి చెప్పాలి. మొదటి నాలుగు చుట్లూ వేళ్ళతోనే తిప్పాలి. మరలో మర పడితే వేళ్ళకు తెలుస్తుంది. వేళ్ళతో తిరక్కపోతే వెనక్కి తీసి మళ్ళీ పెట్టాలి. నాలుగు చుట్లు దిగాకే పానా వెయ్యాలి. “పానాకేం తెలుసే, దానికి బలం ఒక్కటే తెలుసు” అనేవారు. మొదటి ఆరూ నేను పెట్టేదాన్ని. చివర రెండూ లోపలికి, అద్దం కిందకు ఉంటాయి. ఎనిమిదోదాని మీదుగా ఒక గొట్టం పోతుంది. దాని కింద నుంచి మణికట్టు దూరాలి. నా చేతికి డజను మట్టిగాజులు. అందుకని ఆ రెండూ ఆయనే పెట్టుకునేవారు. దానికి కళ్ళతో పని లేదు, చెయ్యి చాలు.

ఆయన పోయిన రోజు పొద్దున్న పదిగంటలైంది. ఆరు పెట్టాను. ఆయన పెట్రోలు డబ్బా బోర్లించి దాని మీద కూర్చున్నారు. ఛాతీ మీద రాసుకుంటున్నారు.

“పొద్దుటి పెసరట్టు అరగలేదే. గ్యాసు. ఆ రెండూ కూడా నువ్వే పెట్టెయ్యి.”

“ఎడం చెయ్యి కూడా రుద్దుకుంటన్నారు, ఏమైందండి?”

“పడుకున్న వైపు తిమ్మిరి. కానీ.”

నాకేమీ అర్థం కాలేదు. గ్యాసన్నారు, గ్యాసే అనుకున్నాను. గాజులు మోచేతి దాకా తోసి గుడ్డ కట్టాను. ఏడోది ఎలాగో దిగింది. ఎనిమిదోదానికి చెయ్యి పోలేదు. గొట్టానికి గాజులు తగిలి ఆగిపోతోంది. రెండుసార్లు ప్రయత్నించాను. ఇంకాస్త తోస్తే చిట్లుతాయి. కుడిచేతి గాజులు పావుగంట తీసి పక్కన పెడితే అయిపోయేది. తియ్యలేదు. మొగుడు ఎదురుగా కూర్చునుండగా గాజులు తీసే ఆడది మా ఇళ్ళలో లేదు. తియ్యమని ఆయన కూడా అనలేదు, ఆయనకు నేనేం చేస్తున్నదీ కనపడలేదు. బానెట్టు అడ్డం.

ప్లగ్గును పానాలో ఇరికించి, పానా పొడుగు కాడ పట్టుకుని గొట్టం పక్కనుంచి దింపాను. తిప్పాను. కాస్త తిరిగి, ఇసక నమిలినట్టు శబ్దం వచ్చింది. మర తప్పింది. నాకు అప్పుడే తెలుసు. వెనక్కి తియ్యాలి. పొయ్యి మీద అన్నం ఉంది. అది పొంగిన వాసన వస్తోంది. ఆయన తొందరపెట్టలేదు, నేనే తొందరపడ్డాను. బలంగా తోసి ఒకటిన్నర చుట్టు తిప్పేశాను. అది వంకరగా దిగి గట్టిగా నిలబడింది.

అప్పుడు ఆయన అడిగారు. నేను చెప్పాను. మొదట్లో రాయించాను కదా, అంతే.

చేత్తో తిప్పలేదని చెబితే లేచి వచ్చి తానే విప్పి మళ్ళీ పెట్టేవారు. ఆయనకు ఒంట్లో బాగోలేదు కదా, లేపడం ఎందుకనుకున్నాను అని తర్వాత నాకు నేను చెప్పుకునేదాన్ని. అది కూడా నిజం కాదు. తప్పు చేశాను, తిడతారని చెప్పలేదు.

అన్నం దించి బయటకొచ్చేసరికి రాయి మీద కూర్చుని ఉన్నారు. చేద పక్కన పడి ఉంది. చేతులకు మసి అలాగే ఉంది. పిలిచాను. భుజం మీద చెయ్యి వేశాను. తర్వాత జనం వచ్చారు. ఎవరెవరు వచ్చారో చెప్పలేను. నన్ను గోడకు ఆనించి కూర్చోబెట్టారు. నేను ఏడవలేదట. గట్టిగా ఏడిస్తే మంచిదని ఎవరో నా వీపు మీద చరిచారు. గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది. అప్పటినుంచీ నా గొంతు ఇలాగే ఉంది.

పదోరోజున గాజులు తీశారు. అందరికీ చేసినట్టే చేశారు, దాని గురించి రాయించను. రెండురోజుల తర్వాత, బంధువులు వెళ్ళిపోయాక, మధ్యాహ్నం షెడ్డు తలుపు తీసి లోపలికి వెళ్ళాను. బానెట్టు ఒక పక్క రేకు ఎత్తాను. గొట్టం కింద నుంచి చెయ్యి పెట్టాను. నేరుగా వెళ్ళిపోయింది. ఎనిమిదో ప్లగ్గు వేళ్ళకు అందింది. అది వంకరగా ఉన్నట్టు వేళ్ళకే తెలుస్తోంది. పానా గోడకు వేలాడుతోంది. విప్పి తీసి, నెమ్మదిగా మళ్ళీ పెట్టి చూడొచ్చు. మర పూర్తిగా పాడైందో లేదో అప్పటికి తెలియదు. నేను చెయ్యి వెనక్కి తీసుకుని, రేకు దించి, గదిలోకి వచ్చి పడుకున్నాను. ఎందుకు వదిలేశానంటే చెప్పలేను. ఆ రోజుల్లో ఎసట్లో బియ్యం పొయ్యడం కూడా మర్చిపోయి ఒట్టి నీళ్ళు మరిగించేదాన్ని.

నెల తిరిగేసరికి పెళ్ళి దగ్గరకొచ్చింది. శుభకార్యం జరిగే ఇంట్లో ఎదురుపడకుండా కాస్త చూసుకోమని అమ్మగారు, అంటే కామందుగారి భార్య, మర్యాదగానే కబురు చేశారు. నేను గది దాటలేదు. రామచంద్రపురం నుంచి ఒక మెకానిక్కును పిలిపించారు. మధ్య తలుపు మూసి ఉంది. నేను దాని వెనక పీట మీద కూర్చున్నాను. ప్రతి మాటా వినపడింది.

“మా డ్రైవరు అన్నీ బిగించేసే వెళ్ళేడయ్యా. స్టార్టు చేసి చూడ్డమే నీ పని” అన్నారు కామందుగారు.

స్టార్టు చేశారు. ఏడు బాగానే పలికాయి. ఎనిమిదోదాని దగ్గర పుస్సు పుస్సుమని గాలి పోతోంది. ఇంజను కట్టేశారు. పానా వేసి మూలిగే శబ్దం, తర్వాత ఇనప రజను రాలిన శబ్దం.

“ఏటండీ బాబూ ఇది! ప్లగ్గు బిగించేడా, గునపం పాతేడా?” అన్నాడు మెకానిక్కు. “చూడండి, మర అంతా ఊడి దీంతోపాటు వచ్చేసింది.”

“అదేంటయ్యా? వాడు ముప్ఫై ఏళ్ళు చేసిన పని.”

“ఆయ్, నేనూ అదే అంటన్నానండి. ఈ ఏడూ చూడండి. వాసర్లు రెండేసి వేసేడు. ఈ తెలివి మా దగ్గర కూడా అందరికీ లేదండి. ఏడింటికి ఇంజినీరు, ఎనిమిదోదానికి కల్లుపాక. పోయినోణ్ణి అనకూడదు గానండి, మధ్యలో ఓ ముంత పడుంటది.”

నలుగురు నవ్వారు. కామందుగారు నవ్వలేదు. ఆయన తమ్ముడుగారు అన్నారు: “అందుకేనా కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయేడు? మనం గుండెపోటనుకున్నాం.”

మా ఆయన ఒక్కరోజు కూడా ముట్టుకోలేదు. నేను పీట మీదే కూర్చున్నాను.

కాసేపటికి మధ్య తలుపు మీద వేలితో కొట్టారు. కామందుగారు. తలుపు తియ్యలేదు, అవతలే నిలబడ్డారు.

“ఏమ్మా, ఓ మాట అడుగుతాను, ఏమనుకోకు. ఆ వేళ వాడేమన్నా పుచ్చుకున్నాడా?”

“లేదండి. తమకి తెలియందేవుందండి, ఆయన ఎప్పుడూ ముట్టలేదండి.”

“నేనూ వీళ్ళతో అదే అన్నాను. మరి ఎనిమిదోది అలా ఎందుకైంది? ఇంకెవరన్నా చెయ్యి పెట్టేరా?”

చెప్పడానికి అంతకంటే మంచి సమయం రాదు. నేనే పెట్టానండి అంటే చాలు. కానీ ఆ తర్వాతి ప్రశ్న, నువ్వెందుకు పెట్టావు అని. ఆయనకు కనపడదు కాబట్టి అని చెప్పాలి. ఎన్నాళ్ళ నుంచి అంటే, అయిదారేళ్ళ నుంచి అని చెప్పాలి. అన్నాళ్ళూ ఆయన వాళ్ళ పిల్లల్ని బడికీ, కోడళ్ళను పురిటికీ తీసుకెళ్ళారు. దూరపు చూపు వేరు, దగ్గర చూపు వేరు అని తలుపు సందులోంచి చెబితే ఎవరు వింటారు? చెయ్యి మంచిదని చెప్పాలంటే కళ్ళు మంచివి కావని చెప్పాలి. రెండింట్లో ఏది చెప్పినా ఆయనకు పేరు మిగలదనిపించింది. ఇదంతా అప్పుడు ఇంత వివరంగా అనుకున్నానో లేదో. నోటికి వచ్చింది మాత్రం ఇది.

“నాకేం తెలుసండి. నేను పొయ్యి దగ్గరున్నానండి.”

“పోన్లేమ్మా” అన్నారు. గొంతులో నమ్మకం లేదు. చెప్పులు దూరంగా వెళ్ళిపోయాయి.

రామచంద్రపురంలో లేతు మీద ఇత్తడి గొట్టం ముక్క తిరగతీయించి, పాడైన చోట దిగ్గొట్టి, దాంట్లో కొత్త ప్లగ్గు పెట్టారు. పెళ్ళి బాగా జరిగిందన్నారు. పెళ్ళికొడుకుతో కారు మా గది ముందునుంచే వెళ్ళింది. నేను కిటికీ మూసుకుని విన్నాను. ఎనిమిదీ సమంగా పలికాయి.

వానాకాలానికి నేను కొత్తపేట వచ్చేశాను, మా ఆడపడుచు ఇంటికి. పెద్దకారును ఏవూరి వాళ్ళో కొనుక్కుని గోదారి దాటించి తీసుకుపోయారు. కామందుగారు పోయి నాలుగేళ్ళు. మా ఆయన మీద పడ్డ మాట మాత్రం ఇక్కడే ఉంది. బస్టాండు పక్క షెడ్లలో ఎక్కడ బోల్టు వంకరగా పడినా, “కామందుగారి డ్రైవరు బిగింపేట్రా అది?” అంటారు. అనేవాళ్ళు ఆయన్ని చూడను కూడా లేదు. నేను కూరల బుట్టతో వెళుతూ వింటాను. నడక ఆపను.

దానికీ అలవాటు పడ్డాను. ఇంట్లో మాటకు పడలేదు. మా ఆడపడుచు ఏటా తద్దినం నాడు విస్తరి దగ్గర కూర్చుని ఒకటే మాట అంటుంది. “అన్నయ్య తాగకపోతే ఇంకా ఉండేవోడొదినా.” నేను వడ్డిస్తూ ఉంటాను. సొంత చెల్లెలు. ఎన్నో ఏళ్ళుగా అంటోంది, నేను ఒక్కసారి కూడా కాదనలేదు. కాదంటే మళ్ళీ ఆ ప్రశ్న దగ్గరకే రావాలి.

నిన్న పంచదార సీసా మూత వంకరగా పడి ఇరుక్కుపోయింది. ఇప్పుడు రాస్తున్న ఈ పిల్లే, “ఇదిగో అత్తా, మావయ్య బిగింపు” అని నవ్వింది. దాని తప్పు కాదు. ఆయన పోయేటప్పటికి దానికి జడలు వెయ్యడానికి జుట్టు కూడా చాలేది కాదు. ఆయన దానికి జ్ఞాపకం లేరు, ఆ మాటే జ్ఞాపకం. నేను మూత విప్పి ఇచ్చాను. విప్పి ఇచ్చాక కాయితాలు తెచ్చుకోమన్నాను.

మర తప్పిన చోటికి వచ్చేసరికి ఈ పిల్ల కలం ఆపింది.

“అత్తా, ఇది కూడా రాయాలా?”

“రాయి.”

“పొరపాటున అని పెడతాను. పొరపాటున అలా తిప్పేను అని.”

“పెట్టకు.”

“చదివినోళ్ళు నిన్ననుకుంటారత్తా.”

“అనుకోనీ. ఇన్నాళ్ళూ మీ మావయ్యననుకున్నారు.”

అప్పుడు రాసింది. ఏం రాసిందో నాకు తెలియదు. కాయితం మీద అక్షరాలు సన్నగా, దగ్గరదగ్గరగా ఉన్నాయి. ‘పొరపాటున’ అని ఎక్కడైనా దూర్చిందేమో నేను చూసి చెప్పలేను. వింటే చెప్పగలను.

మా ఆడపడుచు పెరట్లో కొబ్బరిమట్టలు చీరుతోంది. నాకు ఈ ఇల్లు తప్ప వేరే ఇల్లు లేదు. విన్నాక ఆవిడ ఏమంటుందో, ఉండమంటుందో వద్దంటుందో, అది తర్వాత సంగతి. అమ్మాయ్, లేచి మీ అమ్మని పిలు. కత్తి అక్కడ పెట్టి రమ్మను, చేతులు తర్వాత కడుక్కోవచ్చు. ఆవిడ ఇక్కడ, నా ఎదురుగా కూర్చున్నాక మొదటినుంచీ చదువు. గట్టిగా చదువు. అబద్ధం అన్న చోట గొంతు తగ్గించకు. నేను చెప్పినట్టే ఉందో లేదో నేనూ వింటాను. ఊఁ, పిలు. చదువు.